జులై ఒకటిన మంచు

మా ఎర్రదిబ్బలో పిల్లలందరూ జులై ఒకటినే పుట్టేవారు. నేనూ ఆ రోజునే పుట్టాను, మా తమ్ముడూ ఆ రోజునే పుట్టాడు, మా ఇద్దరికీ అక్షరాలు దిద్దించిన హెడ్మాస్టరు లింగమూర్తి సారూ ఆ రోజునే పుట్టారు. పిల్లవాణ్ణి బడికి తీసుకొస్తే, వాడి కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుతుందా లేదా అని చూసేవారు. అందితే అయిదేళ్లు నిండినట్టు. ఏ ఏడు పుట్టాడో వేళ్ల మీద లెక్కగట్టి, దాని ముందు జులై ఒకటి అని రాసేవారు. పక్కనున్న తల్లి "కాదు సారూ, దీపావళి ముందట పుట్టిండు" అని గొణిగినా, తల్లుల మాట రిజిస్టరులోకి ఎక్కే సంప్రదాయం మాకు లేదు.

ఈ అనాగరికాన్ని అంతం చేసినవారు కేశిరాజు పాండురంగారావు గారు. ఆయన రిటైరైన డిప్యూటీ తహసీల్దారు. మా ఎర్రదిబ్బ విద్యావర్ధని పాఠశాల లెక్కలు ఒకసారి చూసిపెట్టమని పాత కమిటీ పిలిస్తే వచ్చారు. లెక్కలు చూడడానికి అధ్యక్షుడి కుర్చీ ఒక్కటే అనుకూలంగా ఉందని అందులో కూర్చున్నారు. తర్వాత లేవలేదు. ఎన్నిక జరగలేదని ఒకరిద్దరు అన్నారు గానీ, కూర్చున్నవాణ్ణి లెమ్మనడం మర్యాద కాదు కదా.

ఆయన చేసిన మొదటి తీర్మానాన్ని కమిటీ గుమాస్తాగా నేనే నా చేత్తో రాశాను: "ఇకమీదట విద్యార్థి జన్మదినమును సర్కారు వారి జనన ధ్రువపత్రములో ఉన్నది ఉన్నట్టుగా ఎక్కించవలెను. ఊహించుట, సవరించుట, ఒక లెక్కను మరొక లెక్కలోనికి మార్చుట పూర్తిగా నిషిద్ధము." ఎర్రదిబ్బ పిల్లలు సంవత్సరం పొడవునా పుట్టడం మొదలుపెట్టారు. ఊరు ముందుకు పోతోందని మాకందరికీ సంతోషమయింది.

రెండేళ్లకు, ఎనభై రెండో సంవత్సరం వేసవి సెలవులు అయిపోతుండగా, సులోచన తన కూతుర్ని చెయ్యిపట్టుకుని వచ్చింది. ఆమె భర్త భూమయ్య మా ఊరి లోకోషెడ్డులో డీజిల్ మెకానిక్. ఇంజన్లు బాగుచేసే పని మీద అతణ్ణి పర్షియా రాజు గారి రైల్వేకు పంపితే, భార్యను తీసుకుని పోయి మూడేళ్లు ఉండి వచ్చాడు. పిల్ల అక్కడే పుట్టింది. పేరు హిమబిందు. గది గుమ్మంలోకి రాగానే ఆ పిల్ల ఎవరూ అడగకముందే చెయ్యి తల మీదుగా తిప్పి చెవి పట్టుకుని చూపించింది. ఇంటి దగ్గర బాగా నేర్పినట్టున్నారు.

"ఆ పద్ధతి రద్దయింది. పత్రం ఇటివ్వండి" అన్నారు పాండురంగారావు గారు.

పత్రం మీద పైన పారశీక లిపి, కింద ఇంగ్లీషు తర్జుమా, మధ్యలో సింహం ముద్ర ఉన్నాయి. ఆయన కళ్లజోడు తుడుచుకుని చదివారు. మళ్లీ తుడుచుకుని మళ్లీ చదివారు. బహమన్ అనే నెల, సంవత్సరం రెండువేల అయిదువందల ముప్పై అయిదు.

"అమ్మా, మీ అమ్మాయి ఇంకా పుట్టలేదు."

సులోచన కూతురి వంక చూసింది. పిల్ల ఇంకా చెవి వదల్లేదు.

"గదేంది సారూ, మీ ఎదురుంగనే నిలబడ్డది గద!"

"నిలబడుట వేరు, పుట్టుట వేరు. నిలబడినంత మాత్రాన సదరు వ్యక్తి జన్మించినట్లు భావించరాదు. ఈమె పుట్టడానికి ఇంకా అయిదున్నర శతాబ్దాల పైచిలుకు వ్యవధి ఉన్నది. పుట్టిన పిమ్మట అయిదేళ్లకు తీసుకురండి."

"అది ఆ రాజు లెక్క సారూ. మన లెక్కల డెబ్బై ఏడు. నేనే కన్న, నాకు తెల్వదా? నేనక్కడనే ఉన్న గద! పొద్దుగాల నొప్పులు మొదలైనయ్. బయట మంచు పడుతుండె. దూదేకినట్టు పడుతుండె. అందుకేనాయె ఈ పేరు పెట్టింది."

"మీరు సంబంధిత పక్షం. మీ సాక్ష్యం చెల్లదు. పేరు సాక్ష్యం కాదు. లెక్క మార్పిడి నిషిద్ధం" అని ఆయన నా వైపు తిరిగారు. "తీర్మానం చదివి వినిపించవయ్యా." నేను వినిపించాను. అందులో ప్రతి ముక్కా ఆమెను ఉద్దేశించి రాసినట్టే ఉండేసరికి, నా వాక్య నిర్మాణానికి నాకే ముచ్చటేసింది.

సంగతి ఊళ్లో పొక్కింది. రేషను డీలరు పుట్టని పిల్లకు చక్కెర ఎట్లా ఇస్తామని కోటాలోంచి ఆమె వాటా కోసేశాడు. బస్సు కండక్టరు మాత్రం పుట్టని పిల్లకు టికెట్టు ఎందుకని కొట్టడం మానేశాడు. వివిధ శాఖల మధ్య సమన్వయం ఇంకా మెరుగుపడాలని పాండురంగారావు గారు అభిప్రాయపడ్డారు.

సులోచన ఊరుకునే మనిషి కాదు. భూమయ్య షెడ్డుకు పోగానే పిల్లను తీసుకుని బడికి వచ్చి, వరండాలో మెట్టు మీద కూర్చునేది. ఒకటో తరగతి పిల్లలు లోపల ఎక్కాలు చెబుతుంటే, పిల్ల బయట నుంచి గొంతు కలిపేది. పుట్టనివాళ్లు ఎక్కాలు చెప్పవచ్చా అన్న విషయంలో నిబంధన ఏదీ లేకపోవడంతో ఆమెను ఆపలేకపోయాం. చివరికి పాండురంగారావు గారు విచారణకు ఆదేశించారు. పర్షియా సంవత్సరానికి ఆ అంకె ఎందుకు వచ్చిందో ఆమూలాగ్రంగా నివేదించవలసిందిగా చరిత్ర మాస్టారు జనార్దనం గారిని నియమించారు.

జనార్దనం గారు వరంగల్లు వెళ్లి పుస్తకాలు తిరగేసి వచ్చారు. సమావేశంలో సులోచనను కూడా కూర్చోబెట్టి, నివేదిక చదివారు.

"ఆ రాజు గారి తండ్రి మామూలు గుర్రపు సిపాయి సర్. సిపాయిగా చేరి సేనానాయకుడయ్యాడు, మంత్రి అయ్యాడు, ప్రధాని అయ్యాడు. ఉన్న రాజు విదేశాల్లో ఉంటే సింహాసనం ఖాళీగా ఉంది కదా అని కూర్చున్నాడు. కిరీటం ఎవరూ పెట్టకుండా తనే తీసి పెట్టుకున్నాడు."

"సమర్థుడు" అన్నారు పాండురంగారావు గారు.

"జనాన్ని ఇంటిపేర్లు పెట్టుకోమన్నాడు సర్. తనూ ఒకటి పెట్టుకున్నాడు, బాగా ప్రాచీనంగా వినబడేది. మగవాళ్లందరూ ఒకే రకం టోపీ పెట్టాలన్నాడు. రైలు వేశాడు. ప్రపంచ యుద్ధంలో బయటి సైన్యాలు వచ్చి ఆయన్ని ఓడెక్కించి పంపేసి, కొడుకుని కూర్చోబెట్టాయి. మనకు కావలసింది ఈ కొడుకే. వంశానికి యాభై ఏళ్లు కూడా నిండలేదు సర్. కానీ ఆయన రాచరికానికి రెండువేల అయిదువందల ఏళ్ల పండగ చేశాడు."

"అదెట్లా?"

"ఆ దేశంలో అంత పూర్వం ఒక మహా చక్రవర్తి ఉండేవాడు. ఆయన తర్వాత ఎన్ని వంశాలు వచ్చాయో, ఎన్ని పోయాయో! వాటితో తనకు చుట్టరికం లేదు. అయినా కుర్చీ అదే కదా అన్నాడు. శిథిలాల పక్కన ఎడారిలో గుడారాలు వేయించి, పారిస్ నుంచి వంటవాళ్లను దించి, దేశదేశాల రాజులకు విందు చేశాడు. ఆ చక్రవర్తి సమాధి ముందు నిలబడి, నువ్వు నిశ్చింతగా నిద్రపో, మేం మేలుకునే ఉన్నాం అన్నాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు క్యాలెండరు మార్చి, సంవత్సరాల్ని ఆ చక్రవర్తి పట్టాభిషేకం నుంచి లెక్కపెట్టమన్నాడు. ఒక్కరోజులో దేశం పదకొండు వందల ఎనభై ఏళ్లు ముందుకు పోయింది."

పాండురంగారావు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆ ముఖంలో అటువంటి వెలుగు అంతకుముందు ఒక్కసారే చూశాను, ఆయన మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు.

"మరి అక్కడి ప్రజలు ఎట్లా నిర్వహించుకున్నారు?"

సులోచన కల్పించుకుంది. "ఏం నిర్వహించుడు సారూ. మా పక్కింట్ల తూరాన్ అమ్మ అని ముసలామె ఉండె. రాజుగారి క్యాలెండర్ ముందరింట్ల ఏలాడదీసింది, పాతది వంటింట్ల పెట్టుకుంది. ఎవరన్న ఆఫీసరొస్తే ముందరింట్లది సూపెడుతుండె. పండుగొస్తే వంటింట్లది సూసుకుంటుండె. మీరూ గట్లనే ఓటి వంటింట్ల పెట్టుకోండ్రి సారూ, నా బిడ్డెకు సీటియ్యుండ్రి."

"విద్యాలయంలో వంటిల్లు లేదు" అన్నారాయన గంభీరంగా. "పోనీ, ఆ రాజు గారి నుంచి సవరణ లేఖ తెప్పించండి."

"ఆయన లేడు సర్" అన్నారు జనార్దనం గారు. "జనం తిరగబడ్డారు. క్యాలెండరు వెనక్కి తీసుకున్నాడు, అప్పటికే ఆలస్యమయింది. వైద్యం కోసమని దేశం దాటాడు. వెళ్తూ పిడికెడు మట్టి తీసుకెళ్లాడంటారు. పరాయి దేశంలోనే పోయాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ లెక్క పేరెత్తితేనే మండిపడతారు."

"అనగా ఆ సంవత్సరం ఇంకా రాలేదు, వచ్చినది రద్దయింది. రద్దయిన సంవత్సరంలో పుట్టబోయే పిల్ల. కేసు జటిలం" అని ఆయన నన్ను రాసుకోమన్నారు. నేను రాస్తుంటే ఉన్నట్టుండి అడిగారు: "మన బడి వయసెంత?"

"ముప్పై ఏళ్లు సర్. యాభై రెండులో రేకుల షెడ్డులో..."

"షెడ్డు సంగతి అడగలేదు. బడి సంగతి అడిగాను. వెనుక ఆ దిబ్బ ఉన్నదే, దానిలో మూరెడు ఇటుకలు దొరుకుతాయి కదా?"

"దొరుకుతాయి సర్. బౌద్ధ విహారం ఉండేదేమో అని ఒకాయన ఎప్పుడో అన్నాడు."

"విహారమనగా భిక్షువులు చదువుకునే చోటు. చదువుకునే చోటనగా పాఠశాల. పాఠశాలనగా మనం." ఆయన లేచి నిలబడ్డారు. లేవడం నేను అదే మొదటిసారి చూడడం. "ఒక గుర్రపు సిపాయి కొడుక్కి రెండువేల అయిదువందల ఏళ్లుంటే, డిప్యూటీ తహసీల్దారుకు ముప్పై ఏళ్లా?"

అప్పుడు సులోచన బుర్రలో ఏదో మెరిసినట్టుంది. చాలా అమాయకంగా అంది: "గట్లయితే కొత్త లెక్క ఎందుకు సారూ? ఆ రాజుగారి లెక్కనే పెట్టుండ్రి. రాజులది రాజులకే తగుతది. ఆ లెక్కల ఇప్పుడు రెండువేల అయిదువందల నలభై ఒకటి నడుస్తున్నది. పిల్లదాని ఏండ్లు సూసుకునుడు నాకు అలవాటే."

జనార్దనం గారు ఇబ్బందిగా కదిలారు. "ఆ లెక్కన విహారం కట్టేనాటికి బుద్ధుడికి నాలుగేళ్లు సర్. నాలుగేళ్ల పిల్లవాడి పేరున విహారం..."

"కట్టించినవారికి ముందుచూపు ఉన్నది" అన్నారు పాండురంగారావు గారు.

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. బడికి ప్రస్తుతం రెండువేల అయిదువందల నలభై ఒకటో సంవత్సరం. హిమబిందు ముప్పై అయిదులో పుట్టింది. అయిదు దాటి ఆరు నడుస్తోంది. ఒకటో తరగతికి అతికినట్టు సరిపోయింది. కొత్త శకంలో మొదటి ప్రవేశం ఆమెదే. సులోచన కళ్లు తుడుచుకుని, అందరికీ దండాలు పెట్టి, పిల్లకు పలక కొనడానికి బజారుకు పరుగుపెట్టింది. నాకూ మనసులో హాయిగా అనిపించింది. ఎంతైనా ఆ పిల్ల ఎక్కాలు బాగా చెబుతుంది.

మర్నాడు రిజిస్టరు తీసి మిగతా పిల్లల పేర్లు కొత్త శకంలో ఎక్కించబోయాక తెలిసింది. వాళ్ల పత్రాల్లో పాత అంకెలు ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు ఎక్కించాలి, మార్చకూడదు. పంతొమ్మిది వందల డెబ్బై ఆరులో పుట్టిన పిల్లవాడికి ఇప్పుడు అయిదువందల అరవై అయిదేళ్లు. ఒకటో తరగతికి గరిష్ఠ వయోపరిమితి ఏడు.

ఈ మాట పాండురంగారావు గారికి మనవి చేశాను. ఆయన క్షణం కూడా తడబడలేదు. "నిబంధన అందరికీ సమానం. టీసీలు ఇవ్వు." పదో తరగతి వరకు అందరికీ టీసీలు రాసి ఇచ్చాను. కారణం అన్నచోట 'వయసు మీరినందున' అని రాశాను. టీసీ చేతికిస్తే మూడో తరగతి పిల్లవాడొకడు తన చేతులు ముడతలు పడ్డాయేమో అని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

తర్వాత ఉపాధ్యాయుల వంతు వచ్చింది. పదవీ విరమణ యాభై ఎనిమిదికి. అందరికంటే చిన్నవాడైన డ్రిల్లు మాస్టారు కూడా ఆ హద్దు దాటి అయిదు శతాబ్దాలయింది. ఒకే రోజున అందరికీ సన్మానం చేసి, ఒకే శాలువాను ఒకరి తర్వాత ఒకరికి కప్పి పంపేశాం. లింగమూర్తి సారు శాలువా తిరిగి ఇచ్చేస్తూ, "ఇన్ని శతాబ్దాలు పనిచేస్తే ఒక్క ఇంక్రిమెంటు రాలేదయ్యా" అన్నారు. పాండురంగారావు గారి వయసు ప్రశ్న కూడా వచ్చింది. ప్రాచీన సంస్థకు ప్రాచీన అధ్యక్షుడే శోభ అని ప్రత్యేక తీర్మానం చేసుకున్నారు. గుమాస్తా గురించి నిబంధనల్లో ఎక్కడా లేదు. నేను అడగలేదు.

ఆ విధంగా బడి మొత్తానికి ఒకే విద్యార్థిని మిగిలింది.

హిమబిందు రోజూ తెల్లగా ఉతికిన గౌను వేసుకుని, పలక పట్టుకుని వచ్చి, ఖాళీ గదిలో ముందు బెంచీ మీద కూర్చునేది. నేను హాజరు పిలిచేవాణ్ణి. ఒక పేరు పిలిచేవాణ్ణి, ఒక జవాబు వచ్చేది. "నూటికి నూరు శాతం హాజరు! జిల్లాలో ఏ బడికైనా ఉన్నదా?" అని పాండురంగారావు గారు జిల్లా విద్యాధికారికి రాయించారు. లింగమూర్తి సారు గేటు బయట బఠాణీల బండి దగ్గర నిలబడి, గోడ మీదుగా అక్షరాలు చెప్పబోతే, ఆరువందల ఏళ్ల పరాయి వ్యక్తి విద్యార్థినితో సంభాషించరాదని ఆయనకు నోటీసు ఇవ్వవలసి వచ్చింది.

వారం తిరగకుండా సులోచన వచ్చింది. ఈసారి మెట్టు మీద కూర్చోలేదు, నేరుగా గదిలోకి వచ్చింది.

"సారూ, బిడ్డె ఇంటికొచ్చి ఏడుస్తున్నది. చెప్పెటోళ్లు లేరు, పక్కన కూసునెటోళ్లు లేరు. ఊళ్ల ఆడోళ్లు నన్ను నల్లా కాడ నీళ్లు పట్టుకోనిస్తలేరు, నా బిడ్డె కోసం వాళ్ల పిల్లలను ముసలోళ్లను చేసిన్నని. నేను సీటడిగిన గని, బడంత అడగలే సారూ!"

"ప్రగతి ఫలాలు మొదట కొందరికే అందుతాయి" అన్నారు పాండురంగారావు గారు. ఆయన అప్పుడు పండగ ఏర్పాట్లలో తలమునకలై ఉన్నారు.

ద్విసహస్ర పంచశత వార్షికోత్సవం దిబ్బ మీద జరిగింది. షామియానాలు వేశారు. వంటవాళ్లను విజయవాడ నుంచి దించారు. ఎర్రదిబ్బ వంకాయ వారికి నచ్చక వంకాయలు కూడా అక్కడినుంచే దించారు. అతిథులందరికీ ఒకే రకం గుడ్డటోపీలు కుట్టించారు. తాలూకా నుంచి వచ్చిన అధికారులు టోపీలు పెట్టుకుని గుత్తివంకాయ తింటుండగా, పాండురంగారావు గారు తవ్విన ఇటుకల ముందు నిలబడి, చేతులు జోడించి ప్రసంగించారు. "ఓ అజ్ఞాత భిక్షువులారా, మీరు నిశ్చింతగా నిద్రపోండి. కమిటీ మేలుకునే ఉన్నది."

అప్పుడే కింద డప్పులు వినిపించాయి. బ్యాండు మేళం కాబోలు అనుకుని అధికారులు చప్పట్లు కొట్టారు. కాదు. ఊరి తల్లులు, తండ్రులు, టీసీలు పట్టుకున్న పిల్లలు, రిటైరైన మాస్టర్లు. అందరికంటే ముందు సులోచన. చంకలో పిల్ల, పిల్ల చేతిలో పలక.

"పిల్లల వయసు మాకియ్యుండ్రి!" అని అరుస్తున్నారు. టోపీలవాళ్లు వెనుకవైపు నుంచి దిబ్బ దిగిపోయారు. ఒకాయన విస్తరి కూడా పట్టుకుపోయాడు.

పాండురంగారావు గారు కొంతసేపు అటే చూసి, మైకులో చాలా మెత్తగా అన్నారు. "మీ గొంతు విన్నాను. శకాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. మళ్లీ ముప్పై ఏళ్లే."

వినేవాళ్లు ఎవరూ లేరు. మర్నాడు ఉదయం ప్యాసింజరులో ఆయన నాందేడులోని చెల్లెలి గారింటికి బయల్దేరారు. ఆరోగ్య కారణాల మీద అని నాతో సెలవు చీటీ రాయించారు. స్టేషను దాకా సామాను నేనే మోశాను. రైలు కదిలేముందు రుమాలు మూట విప్పి చూపించారు. దిబ్బ మీది పిడికెడు ఎర్రమట్టి. ఆయన కంట నీరు చూసి నాకూ గుండె బరువెక్కింది. ఎటువంటి వాక్యాలు రాయించేవారు!

కొత్త కమిటీ వచ్చింది. బట్టల కొట్టు గోలి సాంబయ్య గారు అధ్యక్షులయ్యారు. మొదటి తీర్మానం నేనే రాశాను: "గత కమిటీ హయాము యావత్తూ జరగనట్లుగా భావించవలెను." ఆ లెక్కన నా సర్వీసు కూడా పోతుందా అని వినయంగా అడిగితే, "ఆ దినాలు లేవు గానీ నువ్వైతే ఉన్నవ్ గదా, పని సూసుకో" అన్నారు. పిల్లలందరూ తిరిగి వచ్చారు. మాస్టర్లు తిరిగి వచ్చారు. బడి కిటకిటలాడింది. జరగని శకంలో జరిగిన ప్రవేశాలన్నీ చెల్లవు కనుక హిమబిందు పేరు మాత్రం కొట్టేశాను.

సులోచన మళ్లీ వచ్చింది. ఈసారి పత్రం తెచ్చింది గానీ కొంగులోనే దాచుకుంది. లింగమూర్తి సారు పత్రం అడగలేదు. పిల్లను దగ్గరికి పిలిచారు. హిమబిందు ఒక్క క్షణం అనుమానంగా నా వైపు చూసి, ఆ తర్వాత కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమచెవి పట్టుకుంది.

"అందింది" అన్నారు సారు. వేళ్ల మీద పుట్టిన ఏడు లెక్కగట్టారు. కలం సిరాలో ముంచి, జులై ఒకటి అని రాశారు. "పో బిడ్డా, లోపల కూసో."

లోపల పిల్లలు జరిగి చోటిచ్చారు. పలక బెంచీ మీద పెట్టిన చప్పుడు మాకు వినబడింది. సులోచన గుమ్మంలోంచి అది చూసింది. వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. రిజిస్టరు మీదికి వంగి, ఆరని సిరా వంక చూస్తూ, ఎవరినీ తప్పుపట్టని గొంతుతో మెల్లగా అంది:

"నా బిడ్డె పుట్టిన్నాడు మంచు పడుతుండె సారూ. కిటికీల నుంచి సూసిన. జులైల కాదు."

లింగమూర్తి సారు మంచి మనిషి. ఆమె వంక జాలిగా చూసి, సిరా మీద అద్దుడు కాగితం వేసి గట్టిగా అదిమారు.

"రాసినం గదమ్మా. ఇగ ఆ యేడు అక్కడ జులైలనే పడ్డది."